కల్లివెల్లి మిషన్

విల్లాల ఏసీ గ్యాస్ నింపనీకి పోయిన్నాడు
చెత్తడబ్బా పక్కకు, ఎండల,
నల్ల సీపీయూ. మూలకు సొట్ట.
"తీస్కపోనా?" అంటే మేడమ్ చెయ్యి ఊపింది
ఈగను తోలినట్టు.

కంపెనీ బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన
షార్జా దాటి సజ్జ క్యాంపు దాక.
గతుకు వచ్చినప్పుడల్లా
లోపల ఒక మర గలగలమన్నది.
తిలక్ థాపా తన మంచం కింద జాగ ఇచ్చిండు,
ఎల్లిపాయల సంచి ఇవతలికి జరిపి.
తెర రోల్లల కొన్న. పాతదే. నలభై దిర్హాములు.

తొలి రాత్రి వెలిగింది.
కాసేపటికి తెరంత నలుపు,
మూలకు తెల్లటి అచ్చరాలు.
లింబాద్రి చదివి నవ్విండు:
"ఇది అసలుది కాదంట. కాయిదాలు లెవ్వంట.
కల్లివెల్లి అయింది నీ మిషన్."
ఎవ్వలు నవ్వలే.
పై మంచం మీది పోశెట్టి
గోడ దిక్కు మర్లి పండుకున్నడు.

లింబాద్రిది టైపింగ్ సెంటర్ల పని,
పొద్దంతా పరాయోళ్ల వీసాలు కొడ్తడు.
శుక్రారం పెన్‌డ్రైవ్ తెచ్చిండు
మెడల తాయెత్తు లెక్క ఏలాడేసుకొని.
"లినక్స్. పైసలు లెవ్వు. కఫీల్ లేడు.
ఎవలన్న రాస్తరు, ఎవలన్న దిద్దుతరు,
ఎవలన్న వాడుకుంటరు."
"మరి ఎవనిది?" అన్న.
"మసీదు గోడకు చల్లనీళ్ల నల్లా ఉంటది గద,
అది ఎవనిది?" అన్నడు.

భాష అడిగింది.
కిందికి కిందికి పోతే
తమిళం అవుతల మన అచ్చరాలు. ఒత్తిన.
సగం తెలుగు వచ్చింది, సగం ఇంగ్లీషు.
ఎవలో ఆడి దాక రాసి లేచిపోయిండు,
తింటుండగ ఫోన్ వచ్చినట్టు.
కింద రెండు బొత్తాలు.
ఒకటి 'ముందుకు'. ఒకటి 'రద్దుచేయి'.
క్యాన్సిల్ మీద పోయినోళ్ల మంచాలు
ఈ రూముల నాలుగుసార్లు మనుషులను మార్చినయి.
బాణం గుర్తును ఆ బొత్తం దిక్కు పోనియ్యలే,
సుట్టు తిప్పి తెచ్చిన.

పేరు అడిగింది.
కంపెనీ కార్డు మీది నంబరు కొట్టిన,
నాలుగు నాలుగు ఒకటి ఏడు.
అంకెతోని మొదలువెడితే నడువదన్నది.
అచ్చరం కావాలన్నది.
ఫోర్మన్ ఎన్నడు పిలువని పేరు
ఒక్కొక్క అచ్చరం ఏరుకుంట కొట్టిన:
రాజలింగు.
తాళంమాట సుత అడిగింది. అది మీకు చెప్ప.

గంటసేపు రాతలు పారినయి
నల్ల తెర మీద పైకి పైకి.
సిరిసిల్లల సాంచెలు నడిపిన కండ్లు ఇవి,
పోగు తెగిన కాడ ఆగుతయి.
ఆగినయి. వైఫై లేదన్నది.

మూలకు గడియారం:
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది.
లోపల బిళ్ల సచ్చిందట,
బంద్ చేసి తెరిచినప్పుడల్లా అదే దినం.
రెండువేల తొమ్మిది జనవరిల
సాంచె నడుస్తున్నది.
ఏజెంటు మొకం ఎరుగ. బాకి లేదు.
ఎడమచెయ్యి నడిమేలు
కొస దాక ఉన్నది.
పది రాత్రులు తెరుసుడు, ఆ తారీఖు సూసుడు,
బంద్ చేసుడు.
"ఏం చేస్తున్నవ్?" అన్నడు తిలక్.
"నేనింక రాలే ఈడికి" అన్న.
ఆయన ఏమనుకున్నడో, ఛాయ తెచ్చిచ్చిండు.

పదకొండో రాత్రి లింబాద్రి
వైఫైకి ఏదో ముక్క దొరకబట్టి అతికిచ్చిండు.
నెట్టు తగిలింది.
గడియారం ఒక్కపారి దునికింది,
పదిహేనేండ్లు, చప్పుడు లేకుండ.
ఎనుక ఫ్యాను మాత్రం గట్టిగ తిరిగింది.

పోశెట్టి పై నుంచి తల వంచిండు.
"కాయిదాలు దొరికినయా దానికి?"
"లెవ్వు" అన్న. "అయినా నడుస్తున్నది."
చానసేపు సూసిండు.
"జరసేపు కిందికి రానా?" అన్నడు,
అప్పటికే ఇనుప మెట్టు మీద కాలు పెట్టి.

ఆ బిళ్ల రెండు దిర్హాములేనట.
ఇంక కొనలే.
తెరిచినంక నెట్టు తగిలే దాక
ఒక నిమిషం, ఎక్కువల ఎక్కువ రెండు,
ఇప్పటికి జనవరి ఒకటే.